బానెట్‌కు, డిక్కీకి ఎలక్ట్రానిక్ లాక్: మొదటి కొలత నుంచి చివరి పరీక్ష దాకా

"అన్నా, బటన్ నొక్కితే బానెట్ తెరుచుకోవాల, బ్యాటరీ ఎవరూ ఎత్తుకుపోకూడదు, ఎట్ల చేయాల?" తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తోంది. అడిగేవాళ్లలో కొండకు బాడుగలు తిప్పే ట్యాక్సీ డ్రైవర్లున్నారు, పాల వ్యాన్లవాళ్లున్నారు, చివరి ఏడాది ప్రాజెక్టుకు దీన్నే ఎంచుకున్న ఇంజినీరింగ్ పిల్లలున్నారు. అందరికీ కలిపి పూర్తి పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

బటన్ నొక్కితే తెరుచుకునేలా చేయడం పెద్ద పని కాదు. నొక్కనప్పుడు, నొక్కకూడనప్పుడు తెరుచుకోకుండా చూడాలి. కరెంటు పోయినా తెరవగలగాలి. శ్రమంతా ఈ రెంటిలోనే ఉంది. బండి వేగంగా పోతుండగా బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటే డ్రైవర్‌కు ముందున్న రోడ్డు కనపడదు. తిరుమల నుంచి దిగే ఘాట్ మలుపుల్లోనో, పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లోనో ఆ పరిస్థితి వస్తే తేరుకునే వ్యవధి ఉండదు. అందుకే వరుస తప్పకుండా చేయండి.

1. మీ బండికి ఇది తగునా?

కింది వాటిలో ఏ ఒక్కటున్నా ఈ పని పెట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చే యాక్సెసరీ ఉంటే అదే వేయించుకోండి.

- లివర్ లేకుండా బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేకు ఉన్న బండి.
- పాదచారి తగిలినప్పుడు బానెట్ వెనుక భాగం తనంతట తానే పైకి లేచే ఏర్పాటున్న బండి.
- సేఫ్టీ హుక్ (మొదటి పట్టు జారినా బానెట్‌ను ఆపే కొక్కెం) వంగినా, తుప్పు పట్టినా, ఎవరో కోసేసినా సరే. ముందు దాన్ని బాగుచేయించండి.
- ముందువైపు గుద్దుకుని రిపేరయ్యాక బానెట్ సందులు రెండువైపులా సమానంగా లేని బండి.

వారంటీలో ఉన్న బండైతే డీలర్‌ను రాతపూర్వకంగా అడగండి. బీమా కంపెనీకి కూడా ఒక మెయిల్ పెట్టండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అదనపు లాక్ ఆ కోవలోకి రాకపోవచ్చు. కానీ పాత లాక్ పీకేసి కొత్తది పెడితే, ప్రమాదం తర్వాత వచ్చే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండదు.

2. లాక్ లోపల ఏం జరుగుతుందో చూడండి

బానెట్ ఎత్తి స్టాండ్ పెట్టండి. మొబైల్ టార్చ్ వేసి లాక్ నోట్లోకి చూడండి.

బానెట్ అడుగున యు ఆకారంలో ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని స్ట్రైకర్ అంటారు. బానెట్ దించినప్పుడు అది లాక్‌లోని పంజాలాంటి ముక్కను నొక్కుతుంది. పంజా తిరిగి స్ట్రైకర్‌ను పట్టుకుంటుంది. వెంటనే పక్కనున్న ఇంకో చిన్న ముక్క వచ్చి, పంజా వెనక్కి తిరగకుండా అడ్డంగా కూర్చుంటుంది. దీన్ని ఇక నుంచి అడ్డుముక్క అంటాను. కేబుల్ లాగితే కదిలేది ఈ అడ్డుముక్కే.

స్క్రూడ్రైవర్‌తో పంజాను కిందికి నొక్కండి. టక్కుమని పడుతుంది. ఇప్పుడు అడ్డుముక్క ఎంత లోతుగా కూర్చుందో గమనించండి. దాని అంచు, పంజా గాడి ఒకదానికొకటి ఆనుకునే చోటు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. బానెట్ మొత్తం ఆ కొన్ని మిల్లీమీటర్ల మీదే నిలబడి ఉంది. పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, లేదా దగ్గరగా ఫోటో తీయండి. కొత్త లింకు (మోటారును లాక్‌కు కలిపే కడ్డీ) తగిలించాక అడ్డుముక్క సరిగ్గా ఇదే గీతకు రావాలి.

పక్కన వేలితో ఎత్తే సేఫ్టీ హుక్ ఉంటుంది. మొదటి పట్టు జారినా బానెట్‌ను ఆపేది అదే. డ్రైవర్ చూపుకు అడ్డొచ్చేలా తెరుచుకునే బానెట్‌కు రెండో పట్టు తప్పనిసరి అని అమెరికా వాహన భద్రతా ప్రమాణం 113 చెబుతోంది. మన బండ్లలోనూ ఆ ఏర్పాటు ఉంటుంది.

సేఫ్టీ హుక్‌కు మోటారు పెట్టొద్దు. "రెండూ బటన్‌తోనే తెరుచుకుంటే బాగుంటుంది కదా" అని చాలామంది అడుగుతారు. బాగుండదు. సర్క్యూట్లో ఎంత పెద్ద పొరపాటు జరిగినా బానెట్‌ను ఆపగలిగేది, కరెంటు తగలని ఆ ఇనుప ముక్క ఒక్కటే.

3. డిజైన్‌కు నాలుగు షరతులు

1) పట్టి ఉంచే పని ఎప్పుడూ స్ప్రింగ్, ఇనుముదే. కరెంటుతో పట్టి ఉంచే అయస్కాంతపు లాకులు ఇంటి తలుపులకు సరే, బండికి వద్దు. కరెంటు పోతే పట్టు పోతుంది.

2) తెరుచుకోవాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అనుమతులు ఉండాలి. ఇంజిన్ ఆఫ్‌లో ఉండడం ఒకటి, హ్యాండ్‌బ్రేకు లాగి ఉండడం రెండోది. బటన్ నొక్కడం వీటికి అదనం.

3) ఏ ఒక్క వైరు తెగినా, ఏ ఒక్క రిలే (లోపలి కాయిల్‌కు చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్) అతుక్కుపోయినా లాక్ దానంతటది తెరుచుకోకూడదు.

4) బ్యాటరీ పూర్తిగా చచ్చినా చేత్తో తెరిచే దారి ఉండాలి.

4. బలం కొలవండి, తర్వాతే యాక్చుయేటర్ (లాక్‌ను లాగే పరికరం) కొనండి

షాపుకెళ్లి "సెంట్రల్ లాకింగ్ మోటారు ఒకటి ఇవ్వండి" అని తెచ్చుకుని బిగించేవాళ్లే ఎక్కువ. షెడ్డులో ఇంజిన్ నడుస్తుండగా 14 వోల్టుల దగ్గర అది బ్రహ్మాండంగా లాగుతుంది. రాత్రంతా ఆగిన బండిలో, బ్యాటరీ దిగినప్పుడు లాగదు.

లగేజీ తూచే స్ప్రింగ్ త్రాసు తీసుకోండి. స్క్రూడ్రైవర్‌తో లాక్ మూసి, అడ్డుముక్క లివర్‌కు త్రాసు తగిలించి, అది విడిపోయేదాకా మెల్లగా లాగండి. ఎన్ని కిలోలు చూపిందో రాసుకోండి. ఇలా ఐదారు సార్లు చేసి, ఎక్కువ వచ్చిన అంకెను తీసుకోండి. లివర్ ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కూడా కొలవండి.

బానెట్ మూసి ఉన్నప్పుడు రబ్బర్లు దాన్ని పైకి తోస్తుంటాయి కాబట్టి అసలు భారం ఇంకా ఎక్కువ ఉంటుంది. మీరు కొనే యాక్చుయేటర్ 10 వోల్టుల దగ్గర, కొలిచిన బలానికి కనీసం రెట్టింపు లాగాలి. షాపువాడి మాట మీద నమ్మకం పెట్టుకోకుండా అదే త్రాసుతో దాన్నీ కొలవండి.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి:

- కరెంటు తీసేస్తే రాడ్ చేత్తో సులువుగా అటూ ఇటూ కదలాలి. మరలు తిరిగే రకమైతే ఎక్కడ ఆగితే అక్కడే బిగుసుకుంటుంది. సగం లాగిన స్థితిలో ఆగిపోతే అడ్డుముక్క లేచే ఉంటుంది, లాక్ పడదు.
- రాడ్ ప్రయాణం లివర్ ప్రయాణం కంటే కనీసం 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి.
- నీళ్లకు, దుమ్ముకు తట్టుకునే ఐపీ67 రకం అయితే మేలు. దుమ్ము అసలు చొరబడదనీ, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవదనీ ఆ గుర్తుకు అర్థం.
- వేడి. మేలో తిరుపతి ఎండకు ఇంజిన్ వేడి తోడైతే మామూలు ప్లాస్టిక్ మెత్తబడుతుంది. 105 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉన్నదే బానెట్ కింద పెట్టండి. సైలెన్సర్ మానిఫోల్డుకు, రేడియేటర్ ఫ్యానుకు దూరంగా ఉంచండి.

సోలినాయిడ్ (విద్యుదయస్కాంతంతో కడ్డీని లాగే రకం) చవగ్గా దొరుకుతుంది, వేగంగా లాగుతుంది. కానీ కరెంటు ఎక్కువ తింటుంది, బటన్ ఇరుక్కుంటే కొద్దిసేపట్లోనే కాలిపోతుంది. టైమర్ లేకుండా దాన్ని వాడొద్దు.

5. సామాను

- కొలిచి ఎంచుకున్న యాక్చుయేటర్ 1
- 12 వోల్టుల ఐదు కాళ్ల రిలేలు 3, వాటి సాకెట్లు
- రెండు వరుసల కాంటాక్టులున్న, వదిలితే వెనక్కి వచ్చే బటన్ 1
- ఒక సెకను టైమర్ మాడ్యూల్ 1
- హ్యాండ్‌బ్రేకు లివర్ దగ్గర పెట్టే మైక్రోస్విచ్ (లివర్ పైకి లాగితేనే కలిసే చిన్న స్విచ్) 1
- 10 ఆంపియర్ల ఫ్యూజు, 2 ఆంపియర్ల ఫ్యూజు, హోల్డర్లు
- 1ఎన్4007 డయోడ్లు (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చేవి) 4
- 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు, సన్న వైరు
- ముడతల పైపు, రబ్బరు గ్రోమెట్లు (వైరు పోయే రంధ్రానికి వేసే రింగులు), హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం), క్రింపింగ్ లగ్గులు
- మల్టీమీటర్, టెస్ట్ ల్యాంపు

6. చేత్తో తెరిచే దారి ముందు సిద్ధం చేయండి

చాలా కార్లలో బ్యాటరీ బానెట్ కిందే ఉంటుంది. బ్యాటరీ చస్తే బానెట్ తెరవాలి, బానెట్ తెరవాలంటే బ్యాటరీ ఉండాలి. ఈ ముడి పడకూడదంటే పాత కేబుల్‌ను పీకొద్దు. దొంగ భయం ఉంటే లోపలి హ్యాండిల్‌ను మాత్రం తీసి, కేబుల్ కొనకు రింగు వేసి, డ్యాష్‌బోర్డు కింద మీకు మాత్రమే తెలిసిన చోటికి మళ్లించండి. కేబుల్‌ను గుండ్రంగా తిప్పండి. మూల దగ్గర విరిచినట్టు మడిస్తే లోపల తీగ పట్టేస్తుంది.

కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో టో హుక్ మూత వెనకాల రెండు వైర్లు ఉంటాయి. బయటి నుంచి 12 వోల్టులు ఇస్తే ముందు మూత తెరుచుకుంటుంది. ఆ పద్ధతిని మన పనిలో వాడమని నేను చెప్పను. యాక్చుయేటర్‌కు నేరుగా పోయే వైర్లు బయట పెడితే, చేతిలో చిన్న బ్యాటరీ ఉన్న ఎవడైనా తెరుస్తాడు.

ఇంకో కారణం నిప్పు. బానెట్ కింద పొగ మొదలైతే ముందు కాలేది వైర్లే. అప్పుడు తెరవాలన్నా కేబుల్ ఒక్కటే దిక్కు.

7. లింకు తగిలించడం

ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు సర్క్యూట్లో జరగదు, ఇక్కడ జరుగుతుంది. యాక్చుయేటర్ రాడ్‌ను లివర్‌కు బిగుతుగా కడితే అడ్డుముక్క పూర్తిగా కిందికి కూర్చోదు. పైకి చూస్తే లాక్ పడినట్టే ఉంటుంది, శబ్దం కూడా వస్తుంది. గతుకుల రోడ్డు మీద నాలుగు ఊపులకు విడిపోతుంది.

ఎ) లివర్‌కు కొత్త రంధ్రం వేయొద్దు. ఉన్న రంధ్రం వాడండి, లేకపోతే క్లాంపు వేయండి.

బి) లింకు కొనను పొడవాటి గాడిలా మలచండి. లాగేటప్పుడు మాత్రమే అది లివర్‌ను పట్టుకోవాలి. మామూలు స్థితిలో 3 నుంచి 5 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. కేబుల్‌తో లాగినప్పుడు లివర్ మోటారును ఈడ్చుకుపోకుండా కాపాడేదీ ఈ వదులే.

సి) స్క్రూడ్రైవర్‌తో లాక్ మూసి, ఇందాక పెట్టుకున్న గీత చూడండి. అడ్డుముక్క వెంట్రుకవాసి తక్కువ కూర్చున్నా ఆగిపోండి. లింకు మళ్లీ సర్దండి.

డి) యాక్చుయేటర్‌ను లాక్ బోల్టులకు బిగించొద్దు. ఆ బోల్టులు వదులైతే లాక్ స్థానమే మారిపోతుంది. విడిగా పట్టీ పెట్టి బిగించండి.

8. సర్క్యూట్

మూడు రిలేలకు ఏ, బి, సి (A, B, C) అని చీటీలు అంటించండి. ఇక్కడి నుంచి 'ఏ రిలే' అంటే A చీటీ ఉన్న రిలే. 30, 85, 86, 87, 87ఏ అనేవి రిలే కాళ్ల నంబర్లు: 85, 86 కాయిల్‌వి; కాయిల్ లాగితే 30వ కాలు 87కు కలుస్తుంది, లేకపోతే 87ఏకు. ఏ రిలే యాక్చుయేటర్‌కు ప్లస్ ఇస్తుంది. బి రిలే మైనస్ ఇస్తుంది. సి రిలే ఇంజిన్ ఆఫ్‌లో ఉందో లేదో చెబుతుంది.

*బలమైన కరెంటు దారి:* బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. అక్కడి నుంచి ఏ రిలే 30వ కాలికి. ఏ రిలే 87 నుంచి యాక్చుయేటర్ ప్లస్‌కు. యాక్చుయేటర్ మైనస్ నుంచి బి రిలే 87కు. బి రిలే 30 నుంచి బండి బాడీకి, అంటే బ్యాటరీ మైనస్‌కు.

యాక్చుయేటర్ రెండు కొనలూ మామూలు సమయంలో గాల్లో వేలాడుతున్నట్టే, దేనికీ తగలవు. ప్లస్ వైరు ఒరుసుకుని ఎక్కడో 12 వోల్టులకు తగిలినా బి కలవకుండా తెరిచే ఉంది కాబట్టి మోటారు కదలదు. మైనస్ వైరు బాడీకి తగిలినా ఏ తెరిచే ఉంది. రెండు రిలేలు పెట్టడం అందుకే.

*అనుమతుల దారి:* విడిగా 2 ఆంపియర్ల ఫ్యూజు నుంచి సి రిలే 30కి. సి రిలే 87ఏ నుంచి బటన్ మొదటి వరుసకు, అక్కడి నుంచి ఒక సెకను టైమర్‌కు, టైమర్ నుంచి ఏ రిలే 86కు. ఏ రిలే 85 బాడీకి. సి రిలే 86కు ఇగ్నిషన్ వైరు, 85 బాడీకి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే సి లాగుతుంది, 87ఏ తెగుతుంది, ఏ రిలేకు దారి మూసుకుంటుంది.

అదే 2 ఆంపియర్ల ఫ్యూజు నుంచి బటన్ రెండో వరుసకు, అక్కడి నుంచి బి రిలే 86కు. బి రిలే 85 నుంచి హ్యాండ్‌బ్రేకు మైక్రోస్విచ్ మీదుగా బాడీకి.

ప్రతి రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు 86కు. నాలుగోది యాక్చుయేటర్‌కు, గీత ప్లస్ వైపు. కాయిల్ ఆపినప్పుడు ఎగిసే వోల్టేజీని అవి మింగేస్తాయి. లోపలే డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేయకండి.

రెండు చోట్ల జాగ్రత్త కావాలి.

ఇగ్నిషన్ వైరు ఎంపిక మొదటిది. మ్యూజిక్ సిస్టమ్‌కు వచ్చే యాక్సెసరీ వైరు సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆగిపోతుంది. దాన్ని సి రిలేకు ఇస్తే సెల్ఫ్ కొట్టిన ఆ క్షణం "ఇంజిన్ ఆఫ్" అని అర్థం చేసుకుంటుంది. తాళం ఆన్‌లోనూ, సెల్ఫ్‌లోనూ కరెంటుండే వైరునే మీటర్ పెట్టి వెతకండి. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకండి. క్యాన్ బస్ వైర్లకు (బండిలోని కంప్యూటర్లను కలిపేవి) దేన్నీ అతకొద్దు.

హ్యాండ్‌బ్రేకు రెండోది. డ్యాష్‌బోర్డులో వెలిగే హ్యాండ్‌బ్రేకు లైటు వైరుకే బి రిలేను అతికేవాళ్లు చాలామంది. పాత రకం బల్బు మీటరున్న బండిలో ఏమవుతుందో చూడండి. ఇంజిన్ ఆఫ్, హ్యాండ్‌బ్రేకు దించి ఉంది, ఎవరో బటన్ నొక్కారు. బి కాయిల్ గుండా వచ్చిన కరెంటు, హ్యాండ్‌బ్రేకు స్విచ్ తెరిచి ఉండడంతో, వెనక్కి తిరిగి బల్బు గుండా ఇగ్నిషన్ లైనులోకి, అక్కడున్న ఇతర పరికరాల గుండా బాడీలోకి చేరుతుంది. రిలే లాగేస్తుంది. హ్యాండ్‌బ్రేకు అనుమతి అనేదే లేకుండా పోతుంది. బి రిలే వైరులో డయోడ్ పెట్టినా ఆగదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ అందులో కరెంటు పోయే దిక్కు ఒక్కటే. విడిగా మైక్రోస్విచ్ పెట్టడమే మందు.

9. ఒక్కో లోపాన్ని కాగితం మీద పెట్టి చూడండి

- ఇగ్నిషన్ వైరు తెగింది: సి ఎప్పుడూ "ఆఫ్" అంటుంది. హ్యాండ్‌బ్రేకు దించి ఉంటే బి లాగదు. తెరుచుకోదు.
- మైక్రోస్విచ్ వైరు బాడీకి తగిలింది: ఇంజిన్ ఆన్‌లో ఉంటే సి ఆపుతుంది. తెరుచుకోదు.
- బటన్ ఇరుక్కుంది: నడిచే బండిలో రెండు అనుమతులూ లేవు. తెరుచుకోదు. ఆపిన బండిలో ఒక సెకను లాగి వదిలేస్తుంది.
- ఏ రిలే కాంటాక్టు అతుక్కుంది: బి తెరిచే ఉంది. తెరుచుకోదు.
- ఫ్యూజు పోయింది: కేబుల్‌తో తెరవాలి.

మొదటి రెండు లోపాలూ ఒకేసారి వచ్చినప్పుడు, అప్పుడే పొరపాటున బటన్ నొక్కితే మొదటి పట్టు విడిపోతుంది. అప్పుడు కాపాడేది సేఫ్టీ హుక్. ఒక్కో లోపమే అయితే బండి పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు. నెలకోసారి పరీక్ష చేయమనేది అందుకే.

10. లాక్ పడిందని తెలిపే లైటు

బానెట్ ఆనుకుందా లేదా అని చూసే స్విచ్ కాకుండా, పంజా పూర్తి స్థానానికి వచ్చిందా అని చూసే స్విచ్ పెట్టండి. పడినప్పుడు కాంటాక్టు కలిసి ఉండాలి, తెరుచుకుంటే విడిపోవాలి. వైరు తెగినా "తెరిచి ఉంది" అనే చూపుతుంది, డ్రైవర్ దిగి చూస్తాడు. తిరగేసి పెడితే తెగిన వైరు "అంతా బాగుంది" అంటుంది.

పెద్ద కంపెనీలకూ ఇక్కడ దెబ్బ తగిలింది. బానెట్ తెరిచి ఉన్నా గుర్తించకపోవచ్చని 2024 జులైలో టెస్లా అమెరికాలో 18 లక్షలకు పైగా కార్లకు రీకాల్ ప్రకటించింది. స్విచ్‌ను లాక్‌కు గట్టిగా బిగించి, దాని పట్టీ వంగకుండా చూసుకోండి.

11. వైరింగ్

వైరు మందం లెక్క వేసి చూడండి. ముందున్న బ్యాటరీ నుంచి డిక్కీ దాకా పోను రాను 10 మీటర్లు, కరెంటు 5 ఆంపియర్లు అనుకుందాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 0.6 వోల్టుల దాకా పోతుంది. 0.5 వైరులో 1.7 వోల్టులు పోతుంది. బ్యాటరీ దిగి 11 దగ్గరున్నప్పుడు ఆ తేడాకే లాక్ తెరుచుకోకుండా మొండికేస్తుంది.

- రిలేలు క్యాబిన్ లోపల పెట్టండి, కాళ్లు కిందికి ఉండేలా. నీళ్లు పడినా కారిపోతాయి.
- ఇనుప గోడ గుండా వైరు పోయే ప్రతిచోటా గ్రోమెట్ తప్పనిసరి.
- వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకండి. ఎండకు బంక కరిగి టేపు ఊడుతుంది. క్రింపు చేసి హీట్ ష్రింక్ వేయండి.
- కొండ మీద పార్కింగ్‌లో రోజుల తరబడి ఆగే బండ్లలో ఎలుకలు దూరుతాయి. వైరంతా ముడతల పైపులోనే ఉండాలి.
- బాడీ ఎర్తు దగ్గర పెయింటు గీకి, బోల్టు బిగించి, పైన గ్రీజు పూయండి.

12. డిక్కీ సంగతి వేరు

బానెట్ విషయంలో భయం తెరుచుకోవడం గురించి. డిక్కీలో దానికి తోడు ఇంకో భయం ఉంది, లోపల ఎవరైనా చిక్కుకోవడం. పిల్లలు ఆడుకుంటూ డిక్కీలో దూరి మూసుకుంటారు. మన ఎండల్లో మూసిన డిక్కీలో పసిబిడ్డ ఎక్కువసేపు తట్టుకోలేదు.

క్యాబిన్‌కు సంబంధం లేకుండా విడిగా మూసుకునే డిక్కీ ఉన్న సెడాన్ అయితే, లోపలి నుంచి లాగే తాడు తప్పనిసరిగా పెట్టండి. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే ఇలాంటి కార్లకు దీన్ని చట్టమే తప్పనిసరి చేసింది. తాడు చివర చీకట్లో వెలిగే పిడి ఉండాలి. చిన్నపిల్ల చేతికి అందే ఎత్తులో, తేలిగ్గా లాగగలిగేలా ఉండాలి. ఇది పూర్తిగా మెకానికల్. దీనికి ఇగ్నిషన్, హ్యాండ్‌బ్రేకు అనుమతులేవీ అడ్డు పెట్టొద్దు.

హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల్లో వెనుక తలుపు ప్రమాదంలో బయటపడే దారి కూడా. పక్క తలుపులు నొక్కుకుపోతే వెనుక నుంచే మనుషుల్ని తీస్తారు. లోపలి వైపు ప్లాస్టిక్ ప్యానెల్‌లో చిన్న మూత, దాని వెనక లాక్ లివర్ చాలా మోడళ్లలో ఉంటాయి. మీ కొత్త యాక్చుయేటర్ ఆ లివర్‌ను కప్పేయకూడదు.

"అలిపిరి తనిఖీ దగ్గర ఇంజిన్ ఆన్‌లోనే డిక్కీ తెరుచుకోవాల" అని ట్యాక్సీ డ్రైవర్లు అడుగుతారు. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, బటన్ నొక్కడానికి కొన్ని సెకన్లే పడుతుంది. దానికోసం ఒక అనుమతిని తీసేయొద్దు. వాలు మీద ఆపిన బండికి హ్యాండ్‌బ్రేకు ఎలాగూ కావాలి.

డిక్కీ తలుపులోకి పోయే వైరు, తీసి మూసిన ప్రతిసారీ వంగుతుంది. రబ్బరు గొట్టం లోపల తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. 2021 డిసెంబరులో టెస్లా మోడల్ 3 కార్లను వెనక్కి పిలిచింది సరిగ్గా ఇలాంటి అరుగుదల వల్లే; డిక్కీ మూత కదలికకు వెనుక కెమెరా వైరు దెబ్బతింటోందని. సన్నని తీగలు ఎక్కువున్న మెత్తటి వైరు వాడి, తలుపు పూర్తిగా తెరిచినా బిగుసుకోనంత వదులు ఇవ్వండి.

బయట నంబరు ప్లేటు పైన రబ్బరు బటన్ పెట్టేవాళ్లు గమనించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో నీళ్లు ముందు చేరేది ఆ స్విచ్‌లోకే. తడిసిన స్విచ్ నొక్కినట్టే ప్రవర్తిస్తుంది. దాన్నీ రెండు అనుమతుల వెనకే పెట్టండి.

మూత కొద్దిగా ఆనగానే మోటారు లాగి బిగించే ఏర్పాటు మాత్రం సొంతంగా చేయొద్దు. వేళ్లు పడతాయి. కిటికీ అద్దాలకే 100 న్యూటన్ల బలం దాటేలోపు వెనక్కి తిరగాలన్న నియమం ఉంది. ఆ స్థాయి గుర్తింపు షెడ్డులో చేయడం కుదరదు.

13. పరీక్షలు, ఇదే వరుసలో

బానెట్ తెరిచి ఉంచి, స్క్రూడ్రైవర్‌తో లాక్ మూసి మొదటి ఐదు పరీక్షలూ పూర్తయ్యాకే బానెట్ మూయండి.

☐ ఇంజిన్ ఆఫ్, హ్యాండ్‌బ్రేకు పైన: బటన్‌తో తెరుచుకోవాలి.
☐ ఇంజిన్ ఆన్, హ్యాండ్‌బ్రేకు పైన: తెరుచుకోకూడదు.
☐ ఇంజిన్ ఆఫ్, హ్యాండ్‌బ్రేకు కింద: తెరుచుకోకూడదు.
☐ బటన్ నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, హ్యాండ్‌బ్రేకు కింద, గేరు న్యూట్రల్, చక్రాలకు రాళ్లు పెట్టి: తెరుచుకోకూడదు.
☐ బ్యాటరీ మైనస్ తీసేసి, దాచిన కేబుల్‌తో: తెరుచుకోవాలి.
☐ బ్యాటరీ తగిలించి, బానెట్‌ను జానెడున్నర ఎత్తు నుంచి వదిలి మూయండి. చేత్తో ఎత్తి చూడండి. కదలకూడదు.
☐ బటన్ నొక్కాక బానెట్ సేఫ్టీ హుక్ మీద ఆగాలి.
☐ ఇంజిన్ బాగా వేడెక్కాక, మూసిన బానెట్‌తో మళ్లీ.
☐ పైపుతో నీళ్లు కొట్టి, పది నిమిషాలు ఆగి, మళ్లీ.
☐ గతుకుల రోడ్డు మీద మెల్లగా తిప్పి, దిగి, అడ్డుముక్క గీతకే ఉందో చూడండి.

ఇవన్నీ అయ్యేదాకా ఘాట్ ఎక్కకండి, హైవే మీదికి పోకండి.

14. తప్పులు, వాటికి మందు

*టిక్కుమంటుంది, తెరుచుకోదు.* నొక్కినప్పుడు యాక్చుయేటర్ దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ కంటే ఒక వోల్టుకు మించి తక్కువుంటే వైరు సన్నమైనా అయి ఉండాలి, ఎర్తు సరిగా లేకైనా ఉండాలి. వోల్టేజీ బాగుంటే బానెట్‌ను ఒకరు కిందికి నొక్కి పట్టుకోగా బటన్ నొక్కండి. అప్పుడు తెరుచుకుంటే రబ్బరు బుష్‌లు ఎత్తు ఎక్కువగా ఉన్నాయి, కొద్దిగా దించండి.

*చలికాలం తెల్లవారుజామున తెరుచుకోదు.* లాక్‌లో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. కడిగి, తేలికపాటి గ్రీజు పూయండి. ఇంజిన్ ఆయిల్ పోయొద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

*బ్యాటరీ దిగిపోతోంది.* ఈ రిలే సర్క్యూట్ ఊరికే ఉన్నప్పుడు కరెంటు తినదు. రిమోట్ రిసీవర్ పెట్టి ఉంటే దాన్ని కొలవండి. 10 మిల్లీ ఆంపియర్లు తింటే నెలకు 7 ఆంపియర్ అవర్ల పైన పోతుంది. చిన్న కారు బ్యాటరీకి అది తక్కువేమీ కాదు.

*రిమోట్ పెట్టొచ్చా?* డిక్కీకి సరే, రెండు అనుమతుల వెనక ఉంటే. బానెట్‌కు అవసరం లేదు.

15. మైక్రోకంట్రోలర్‌తో చేసే విద్యార్థులకు

ఒకే చిప్ రెండు అనుమతులూ చదివి, రెండు రిలేలూ అదే నడిపితే, అది తికమకపడిన రోజు రెండు తాళాలూ ఒకేసారి పోతాయి. చిప్ ఏ రిలేను నడపనివ్వండి, బి రిలే మాత్రం హ్యాండ్‌బ్రేకు మైక్రోస్విచ్ వైరు మీదే ఉండాలి. వాచ్‌డాగ్ టైమర్ (చిప్ స్తంభిస్తే దాన్ని రీసెట్ చేసేది) ఆన్ చేయండి. చిప్ రీసెట్ అయ్యేటప్పుడు అవుట్‌పుట్ పిన్ ఆఫ్‌లోనే ఉండేలా కిందికి లాగే రెసిస్టర్ పెట్టండి. బటన్‌ను రెండు సెకన్లు పట్టుకుంటేనే లెక్కలోకి తీసుకోండి.

బండిలో 12 వోల్టులంటే 12 కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9 కంటే కిందికి దిగొచ్చు, నడిచేటప్పుడు 14 దాటుతుంది, మధ్యలో క్షణకాలపు ఉప్పెనలు వస్తాయి. సప్లై దగ్గర టీవీఎస్ డయోడ్ (ఉప్పెన వోల్టేజీని మింగేది), తిరగేసి తగిలించినా కాలని రక్షణ పెట్టండి. ఈ ఉప్పెనల పరీక్షలు ఐఎస్ఓ 7637-2, ఐఎస్ఓ 16750-2లో ఉంటాయి. ప్రాజెక్టు రిపోర్టులో 9వ అంచెలాంటి లోపాల పట్టిక రాస్తే, వాహన ఎలక్ట్రానిక్స్ భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262లో అడిగే ఆలోచనకు అది మంచి మొదలు.

16. బండి అప్పగించేటప్పుడు, ఆ తర్వాత

దాచిన కేబుల్ ఎక్కడుందో ఓనర్‌తోనూ, బండి నడిపే డ్రైవర్‌తోనూ లాగించి చూపించండి. నోటితో చెప్తే మరిచిపోతారు. ఫ్యూజుల స్థానం, వైర్ల రంగులతో సర్క్యూట్ గీసి, లామినేట్ చేసి బండి కాగితాలతో పెట్టండి. రేపు రేణిగుంట రోడ్డులోనో, చిత్తూరు బైపాస్‌లోనో ఇంకో ఎలక్ట్రీషియన్ చేతిలో పడితే అతనికి తెలియాలి.

నెలకోసారి 13వ అంచెలోని మొదటి మూడు పరీక్షలు, కేబుల్ పరీక్ష చేయండి. హ్యాండ్‌బ్రేకు పైకి లాగి, బటన్ నొక్కకుండా, యాక్చుయేటర్ ప్లస్ కొనకు, బాడీకి మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టండి. వెలిగితే ఏ రిలే అతుక్కుంది. ల్యాంపును బ్యాటరీ ప్లస్‌కు, యాక్చుయేటర్ మైనస్ కొనకు మధ్య పెట్టినప్పుడు వెలిగితే బి రిలే అతుక్కుంది. ఏది వెలిగినా రిలే మార్చేదాకా 10 ఆంపియర్ల ఫ్యూజు తీసేసి, కేబుల్‌తోనే తెరుచుకోండి.